తొట్టి నిండినది

తెలియనిదంటూ ఏమీ లేదనిపించే వయసు ఒకటుంటుంది. అది నాకు ఇరవై ఒకటో ఏట వచ్చి, ఓ ఏడాదిన్నర హాయిగా కాపురముండి, ఒక బేస్తవారం నాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. అది ఉన్నన్నాళ్ళూ నేను వనపర్తిలో ఒక రేకుల షెడ్డులో ఇంజినీరుని. (డిప్లొమా చదివితే ఇంజినీరు అనొచ్చా అని ఇప్పుడు మీకు అనుమానం రావచ్చు. అప్పుడు నాకు రాలేదు.) షెడ్డు యజమాని గద్వాల నుంచి వచ్చి స్థిరపడ్డ పాత రేడియో మెకానిక్. వీధంతా ఆయన్ని ఉస్తాద్ అనేది, నేనూ అదే అనేదాన్ని. రేడియోలు పోయి టీవీలు, టీవీల రిపేర్లు కూడా పోయాక ఆయన బోరుమోటార్ల స్టార్టర్లలోకి దిగాడు. సోల్డరింగ్ కడ్డీ పట్టుకుంటే ఆయన చెయ్యి రవ్వంత కూడా వణికేది కాదు గానీ, కంప్యూటరు ముందు కూర్చోబెడితే మాత్రం అత్తగారింట్లో కొత్తల్లుడిలా బిగుసుకుపోయేవాడు. అందుకని ప్రోగ్రాములు రాయడానికి నన్ను పెట్టుకున్నాడు. "బేటీ, వైర్ల సంగతి నేను చూస్కుంట. దాని దిమాక్ సంగతి నువ్వు చూస్కో" అని మొదటి రోజే పని పంచేశాడు.

మేమిద్దరం కలిసి తయారుచేసింది సెల్‌ఫోన్ స్టార్టర్. రైతు ఇంట్లో మంచం మీద కూర్చుని ఒక మిస్డ్ కాల్ కొడితే పొలంలో మోటరు తిరుగుతుంది, ఇంకోటి కొడితే ఆగుతుంది. అలాంటివి బజారులో అప్పటికే ఉన్నాయి. మాదాంట్లో విశేషమల్లా రెండు సన్నటి తీగలు. మా వైపు బోర్లలో నీళ్ళు సన్నగా వస్తాయి కాబట్టి చాలామంది ముందు సిమెంటు తొట్టి నింపుకుని, ఆ తర్వాత చేనుకు వదులుకుంటారు. మా తీగలు స్టార్టర్ నుంచి ఆ తొట్టి దాకా పోతాయి. నీళ్ళు అంచుకు రాగానే పైన తేలే ప్లాస్టిక్ బుర్ర లేచి ఆ రెండు తీగల్నీ కలుపుతుంది, మోటరు దానంతటదే ఆగుతుంది, ఆగి ఊరుకోకుండా రైతుకు ఫోన్ చేసి ఆ మాట చెబుతుంది. చెప్పే గొంతు నాది. మొదట ఉస్తాద్ తన గొంతే పెడదామనుకున్నాడు గానీ, "హలో హలో మైక్ టెస్టింగ్" అనకుండా ఆయన మొదలుపెట్టలేకపోయాడు. నేను బడిలో ఆగస్టు పదిహేనుకు మైకు పట్టిన పిల్లను కదా, గొంతు సవరించుకుని, "నమస్కారం. తొట్టి నిండినది. మోటరు ఆగినది" అని రేడియో వార్తల లెవెల్లో చదివాను. "నిండింది అంటె సాలదా బేటీ?" అని ఉస్తాద్ అడిగాడు. చాలదన్నాను. మిషన్ మనిషితో మాట్లాడేటప్పుడు కాస్త గౌరవంగా ఉండాలని నా వాదన.

మొదటి స్టార్టర్ మా పెద్దమ్మకు వెళ్ళింది. అమ్మకు సొంత అక్క. ఉప్పునుంతల దగ్గరి పల్లెలో ఉంటుంది. పెద్దనాయన పోయిన నాటి నుంచి పల్లి చేను తనే చూసుకుంటూ, దాంతోపాటు ఊళ్ళో మహిళా సంఘానికి లీడరుగా కూడా చేస్తూ, రెండిట్లోనూ ఎవర్నీ నోరెత్తనిచ్చేది కాదు. ఆవిడ నోరు ఎంత గట్టిదో కుడి మోకాలు అంత బలహీనం. ఇంటి నుంచి బోరు దగ్గరికి పోవాలంటే వాగు గట్టు దిగి ఎక్కాలి. పొద్దున మోటరు వెయ్యడానికి ఒకసారి, తొట్టి నిండిందో లేదో చూడ్డానికి రెండుసార్లు, ఆపడానికి ఇంకోసారి. గట్టు మీద ఆవిడ కూర్చుని మోకాలు పట్టుకుని "అమ్మా" అనడం నేను కళ్ళారా చూశాను. అప్పుడే స్టార్టర్ బిగించి, "ఇగ నువ్వు ఈ గట్టు దిగే పనే లేదు పెద్దమ్మా" అని మాటిచ్చేశాను. ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకోకుండా సంఘంలో మరో ఐదుగురు ఆడవాళ్ళతో అవే పెట్టించింది. "మా చెల్లె బిడ్డ చేసింది. ఖరాబైతె దాన్ని కాదు, నన్నడుగుండ్రి" అని మీటింగులో అందరి ముందూ చెప్పిందట.

ఇరవై రోజులు భేషుగ్గా నడిచింది. ఇరవై ఒకటో రోజు పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏందే పిల్లా, పొద్దుగాల్నుంచి ఆరుపార్లు ఫోన్ చేస్తివి. తొట్టి నిండిందంటివి. కాలీడ్సుకుంట పోయి చూస్తె తొట్ల కాకి మునుగనీకి నీళ్ళు లెవ్వు!"

"నేను చెయ్యలే పెద్దమ్మా, మిషన్ చేసింది."

"మిషన్‌కు నీ గొంతెట్లొస్తది?"

"అది రికార్డు పెద్దమ్మా. ఆ రోజు చెప్పిన గదా."

"రికార్డైతె రికార్డు. యాడ నిండిందే, ఎవరు చూసిన్రే అని నేను అడుగుతనే ఉన్న, నువ్వు జవాబు చెప్పకుంట పెట్టేస్తుంటివి. పెద్దమ్మంటె జర గౌరవం లేదా?"

(గౌరవం కోసమే 'నిండినది' అన్నానని చెప్పబోయి, మానుకున్నాను.)

వారం తిరిగేసరికి ఆరు స్టార్టర్లకూ అదే జబ్బు పట్టుకుంది. మోటరు వేసిన నిమిషానికల్లా ఆగిపోవడం, ఆగి నా గొంతుతో నమస్కారం పెట్టి మరీ అబద్ధం చెప్పడం. పల్లికాయ ఊరే సమయం. తడి తప్పితే గింజ లొట్టపోతుంది. ఆరుగురు ఆడవాళ్ళు తొట్టికీ ఇంటికీ మధ్య తిరుగుతూ నన్ను తిడుతున్నారని, నా పేరు 'అబద్ధాల పిల్ల' అని స్థిరపడిపోయిందని పెద్దమ్మే చెప్పింది. ఆవిడ గొంతు ఎప్పటిలా గట్టిగా లేకపోవడానికే నాకు భయం వేసింది. "అమాస పోయినంక బేస్తారం మీటింగున్నది. ఆలోపట బాగుచేస్తె చేసినట్టు. లేకుంటె ఆరు డబ్బలు గోనెసంచిల ఏసి బస్సుకేస్త. నా కాలు నొస్తె నొయ్యనియ్యి, నడుస్త. సంఘంల నా మాట మీద నవ్వుతుండ్రు చూడు, అది నాతోని కాదు" అంది. అమావాస్యకు ఇంకా పది రోజులుంది.

మా షెడ్డులో అదే స్టార్టర్ టేబుల్ మీద పెడితే ఎంత బుద్ధిమంతుడో! వెయ్యిసార్లు వేసి ఆర్పినా ఒక్క తప్పు లేదు. నేను ప్రోగ్రాము మొత్తం పై నుంచి కింది దాకా నాలుగుసార్లు చదివి, తప్పు నాది కాదని తేల్చి, రైతుల చేతులు బాగాలేవని ఉస్తాద్‌కు రిపోర్టిచ్చాను. ఆయన బీడీ ఆర్పి, స్టార్టర్ని ఇటూ అటూ తిప్పి చూసి, "దీనికి గాలి సోకింది బేటీ" అన్నాడు.

నేను నవ్వాను. పాలిటెక్నిక్‌లో ఫస్ట్ క్లాసు వచ్చిన పిల్ల దగ్గర గాలి సోకడాలేమిటి?

"నవ్వకు. మా గద్వాల్ల ఇంట్ల రేడియో పాడుతుంటది, బయట స్కూటర్ పోతది, రేడియో గర్రుమంటది. ఆ గర్రు ఏడికెల్లొచ్చింది? గాలిల్నుంచొచ్చింది. దిమాక్ లేని రేడియోకు ఒస్తె గర్రంటది. నీ దిమాకున్న మిషన్‌కు ఒస్తె అబద్ధమాడుతది. మన టేబుల్ మీద గాలి లేదు, అందుకే మంచిగున్నది. గాలిని ఈడికి తేవాలె."

ఇప్పుడు నేను పనిచేసే చోట దీన్ని ఇమ్యూనిటీ టెస్టు అంటారు. చుట్టుపక్కల మోటార్లు, స్విచ్చులు, వెల్డింగులు, ఫోన్లు చిమ్మే విద్యుత్ రొదను ఒక పరికరం తట్టుకుంటుందా లేదా అని కావాలని ఆ రొదను దాని మీదికి వదిలి చూడటం. దాని మీద లావుపాటి పుస్తకాలున్నాయి. ఉస్తాద్ వాటిలో ఒక్కటీ చూడలేదు, నిజానికి నేనూ చూడలేదు. ఆయన దానికి పెట్టిన పేరు దిష్టి మిషన్. "మంచోనికి దిష్టి పెట్టి చూడాలె. తట్టుకుంటడా, పడిపోతడా తెలుస్తది" అన్నాడు. పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ఒక మోపెడ్ కాయిల్ తెచ్చాడు. దానికి ఒక హారన్ రిలేను దానంతటదే కొట్టుకునేలా కలిపాడు. చెక్క మీద రెండు మేకులు ఎదురెదురుగా కొట్టి, పక్కనే లావు రాగితీగను గాజులా చుట్టి పెట్టాడు. మీట నొక్కితే మేకుల మధ్య నీలం నిప్పురవ్వ చిటచిటమని ఎగిరింది. స్టార్టర్ని రాగి గాజులో కూర్చోబెట్టి మళ్ళీ నొక్కాం. స్టార్టర్ చెక్కుచెదరలేదు గానీ, గోడ అవతల నుంచి కిరాణా దుకాణం సేటు ఉరికొచ్చాడు.

"ఏం చేస్తున్నరయ్యా! నా కాంటా మీద పావుకిలో చింతపండు పెడితె మూడు కిలోలు చూపిస్తుంది!"

ఆపితే ఆగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ వచ్చాడు, ఈసారి కాంటా రెండు కిలోల చక్కెరను అరకిలో చూపిస్తోందట. (మధ్యలో ఇంకో నాలుగుసార్లు నొక్కాం, అప్పుడు రాలేదు. ఆ నాలుగుసార్లు కాంటా ఎవరి వైపు మొగ్గిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.) దిష్టి బయటికి పోకుండా ఏదైనా చెయ్యాలి. ఇనుప పెట్టెలో బంధిస్తే పోదని ఉస్తాద్ తేల్చి, ఇంటి నుంచి ఒక పెద్ద రేకుపెట్టె రిక్షాలో వేసుకొచ్చాడు. అందులో ఉండాల్సిన బొంతలు ఇప్పుడెక్కడున్నాయని అడిగితే, "మా ఇంటామె నెత్తి మీద ఉన్నయ్, నేను ఇంటికి పోయే దాంక గట్లనే ఉంటయ్" అన్నాడు. పెట్టె మూత సరిగ్గా అంటేది కాదు, సందులోంచి దిష్టి కారేది. ఆ సందుకు బిర్యానీ పార్సిళ్ళ మీద వచ్చే తళతళలాడే కాగితం మడిచి అతికించాం. కాగితం చాలక మూడు పూటలు వరుసగా బిర్యానీ తినాల్సి వచ్చింది. సైన్సు కోసం మనిషి ఎన్ని కష్టాలు పడాలో నాకు అప్పుడే తెలిసింది.

కారుతోందా లేదా కొలవడానికి మా దగ్గర పరికరం లేదు, అందుకని సేటు కాంటానే వాడుకున్నాం. ఉస్తాద్ షెడ్డులో మీట నొక్కేవాడు, నేను కిరాణాలో కాంటా ముందు నిలబడి అరిచేదాన్ని. "ఇప్పుడు?" "పావుకిలో!" "ఇప్పుడు?" "వంద గ్రాములు!" "ఇప్పుడు?" "సున్నా ఉస్తాద్, సున్నా!" సున్నా చూసి అంత సంబరపడ్డ ఇంజినీరు నేనే అయి ఉంటాను. సేటు కూడా చప్పట్లు కొట్టాడు, మేము ఇక రామని అనుకుని.

స్టార్టర్ని పెట్టెలో పెట్టాం. దాని తొట్టి తీగలు బారెడున్నాయి, పెట్టెలో చిందరవందరగా పడుతున్నాయని నేను వాటిని జానెడుకు కత్తిరించి, చక్కగా చుట్టి, దారంతో కట్టాను. నాకు ఏదైనా నీటుగా ఉండాలి. మూత వేసి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దిష్టి పెట్టాం. మర్నాడూ పెట్టాం. మూడో రోజూ పెట్టాం. ఒక్కసారైనా పడిపోతే ఒట్టు. నేను రిజిస్టరులో ఎర్ర పెన్నుతో 'పాస్' అని రాసి, కింద గీత గీసి, పెద్దమ్మకు ఫోన్ కొట్టి, "నీ స్టార్టర్‌ల ఏ తప్పు లేదు పెద్దమ్మా, పెట్టెల పెట్టి మూడు రోజులు పరీక్ష చేసినం" అన్నాను.

"నీ పెట్టెల మంచిగుంటె నాకేం లాభమే? నా చేన్ల మంచిగుండాలె. నువ్వు ముందుగాల బస్సెక్కు" అంది పెద్దమ్మ.

నాగర్‌కర్నూలుకు ఒక బస్సు, అక్కడి నుంచి అచ్చంపేటకు ఇంకో బస్సు, అచ్చంపేటలో ఆటో. ఎక్కి, "అన్నా, జర ఊర్లదాంక పోతదా?" అని అడిగానో లేదో, పక్కన కూర్చున్న ఒక ముసలామె నా వైపు తిరిగి కళ్ళు చికిలించింది.

"ఇంకోపారి మాట్లాడు."

"ఏం మాట్లాడాలె అవ్వా?"

"ఇదే! ఇదే గొంతు! అబద్ధాల పిల్ల నువ్వేనా?" ఆటోలో ఉన్న ఏడుగురూ ఒంగి నా మొహం చూశారు. ఇంతకాలం గొంతే విన్నారు, మొహం దొరకడం ఇదే మొదలు. అక్కణ్ణుంచి ఊరొచ్చేదాకా నేను నోరు విప్పలేదు. ఊళ్ళో దిగేసరికి ఇంకో సంగతి తెలిసింది. నా భాష ఊరికి అంటుకుంది. చాయ్ హోటల్లో ఎవరో "చాయ్ అయిందా?" అని అడిగితే "చాయ్ అయినది, పాలు విరిగినది" అని జవాబు వచ్చింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వినట్టు మొహం పెట్టి పెద్దమ్మ ఇంటికి నడిచాను.

పెద్దమ్మ నీళ్ళిచ్చి, కర్ర తీసుకుని, "పా" అంది. గట్టు దిగేటప్పుడు మూడుసార్లు ఆగింది. చేను దగ్గరికి పోయాక మిస్డ్ కాల్ కొడితే మోటరు గుర్రుమని లేచింది. నిమిషం గడిచిందో లేదో ఠక్కున ఆగింది. ఆవిడ ఫోను మోగింది. పెద్దమ్మ ఎత్తకుండా దాన్ని నా చేతిలో పెట్టింది. "నువ్వే మాట్లాడు, నీతోని" అంది. చెవికి పెట్టుకున్నాను. "నమస్కారం. తొట్టి నిండినది" అన్నాను నేను, ఎంతో నమ్మకంగా. తొట్టిలోకి తొంగి చూశాను. అడుగున తడి మట్టిలో ఒక కప్ప కూర్చుని ఉంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే, అప్పుడు వినిపించింది. టక్. ఒక క్షణం ఆగి మళ్ళీ టక్. మళ్ళీ టక్.

"అదేం చప్పుడు పెద్దమ్మా?"

"మీ చిన్నాయన ఝట్కా మిషన్. కాయ ఊరవట్టె గదా, అడివిపందులు వస్తున్నయ్. కంచె తీగకు క్షణానికోపారి కరెంటు కొడ్తది. పంది మూతి పెట్టిందంటె పరార్. ఇప్పుడు అందరి చేన్లకు అవ్వే ఉన్నయ్."

చిన్నాయన అంటే పెద్దమ్మ మరిది, పక్క చేను ఆయనది. రెండు చేన్ల మధ్య రాతి కడీలు వరసగా పాతి ఉన్నాయి. కడీల మీద చిన్నాయన కంచె తీగ. సరిగ్గా దానికి జానెడు కింద, అవే కడీలకు బిగించి, బోరు నుంచి తొట్టి దాకా నలభై బారల పొడుగున, నా రెండు తీగలు! వేరే గుంజలెందుకు దండగని పెద్దమ్మే అలా కట్టించింది. ఆవిడను చూసి మిగతా ఐదుగురూ అలాగే కట్టుకున్నారు. పై తీగలో టక్కుమన్నప్పుడల్లా కింది తీగల్లోకి ఆ దెబ్బ దూకుతోంది, తొట్టి నిండిందేమోనని స్టార్టర్ ఉలిక్కిపడుతోంది. దిష్టి తగులుతున్నది డబ్బాకు కాదు, తీగలకు. నేనేమో ఆ తీగల్నే నీటుగా ఉండాలని జానెడుకు కత్తిరించి మూడు రోజులు డబ్బాకు దిష్టి పెట్టాను.

"దొరికింది పెద్దమ్మా!" అని ఎగిరి గంతేశాను. "ఈ తీగలు ఈడికెల్లి తీసేసి దూరం కట్టుకుంటె అయిపోతది!"

పెద్దమ్మ తొట్టి అంచు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ నా వంక చూసింది. "ఇంకోపారి గుంజలు పాతుమని ఆ ఐదుగుర్ని అడుగుమంటవా? నేను చెప్తెనే గట్ల కట్టుకున్నరు. ఇగ నా మాట ఉంటదా? పందులుంటయ్, ఝట్కా ఉంటది, ఎండుంటది, వానుంటది. చేనంటె గిదే. నీ డబ్బ కోసం చేను మార్తదా? నీ డబ్బనే నేర్వాలె."

నేను తర్వాతి కాలంలో చదివిన లావుపాటి పుస్తకాల్లో మొదటి అధ్యాయం మొత్తం ఆవిడ ఆ తొట్టి అంచు మీద కూర్చుని చెప్పేసింది. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. బేస్తవారానికి అయిదు రోజులుంది.

చిన్నాయన దగ్గర పాత ఝట్కా మిషన్ ఇంకోటి ఉంటే అడుక్కుని, సంచిలో పెట్టుకుని వనపర్తి వచ్చాను. (బస్సులో కండక్టరు ఏముందమ్మా అంటే "పందుల మిషన్" అన్నాను. ఆయన తర్వాతి ప్రశ్న వెయ్యకుండా ముందుకు పోయాడు.) ఉస్తాద్ సంగతంతా విని, పెట్టె వైపు, నేను కట్టిన నీటైన చుట్ట వైపు చూసి, సుత్తి అందుకున్నాడు. తిట్టినా బాగుండేది. షెడ్డు రేకుల చుట్టూ మేకులు కొట్టి పైన ఒక తీగ, జానెడు కింద నా రెండు తీగలు, నలభై బారలు తిప్పాం. పైదానికి ఝట్కా కలిపాం. టక్ అంది. ఆ మొదటి టక్కుకే ఉస్తాద్ జేబులో ఫోను మోగింది. "నమస్కారం. తొట్టి నిండినది."

"ఫెయిల్!" అని కేకపెట్టాడు ఉస్తాద్. "ఫెయిలైంది బేటీ, ముబారక్!" అంటూ ఉరికిపోయి కిరాణాలో బూందీ పొట్లం తెచ్చి అందరికీ పంచాడు. ఫెయిలైనందుకు మిఠాయి పంచినవాళ్ళను సేటు తన జీవితంలో చూడలేదట. ఆ సంబరంలో ఉస్తాద్ చెయ్యి పై తీగకు తగిలి "యా అల్లా" అని ఒక్క అంగలో అవతల పడ్డాడు. లేచి, బూందీ దులుపుకుని, "పందులు ఎట్ల వస్తయో నాకు తెల్వదు గాని, నేనైతె మల్ల రాను" అన్నాడు.

మందు రెండు వైపుల నుంచీ వేశాం. ఆయన వైపు పని, పాత టీవీలోంచి తీసిన నల్లటి ఫెరైట్ రింగుకు నా రెండు తీగల్నీ చుట్టి, దెబ్బ లోపలికి రాకముందే మెత్తబడేలా రెండు చిన్న కెపాసిటర్లు పెట్టడం. నా వైపు పని దిమాక్. అక్కడే నా అసలు తప్పు బయటపడింది. తీగలు కలిసినట్టు కనిపించిన మరుక్షణమే నా ప్రోగ్రాము తొట్టి నిండిందని నమ్మేసేది. "ఎవరన్న ఒక్కపారి చెప్తె నమ్ముతవా నువ్వు? జర ఆగాలె. మల్ల అడగాలె. ఐదు సెకన్లు అదే మాట మీద ఉంటె అప్పుడు నమ్మాలె" అన్నాడు ఉస్తాద్. నా ప్రోగ్రాము అచ్చం నాలాగే ఉందన్నమాట, ఒక్కసారి చూసి అంతా తెలిసిపోయిందనుకునే రకం. సిగ్గుపడుతూనే మార్చాను. సోమవారం గంటకు ఒకసారి పడిపోయింది. మంగళవారం రింగుకు ఇంకో నాలుగు చుట్లు వేస్తే, పొద్దంతా పెట్టెలో ఒక దిష్టి, రేకుల మీద ఇంకో దిష్టి తగులుతున్నా నోరు మెదపలేదు. ఈసారి రిజిస్టరులో పాస్ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

బుధవారం ఇద్దరం వెళ్ళి ఆరూ మార్చాం. బేస్తవారం పొద్దున సంఘం వరండాలో మీటింగు. ఆరుగురూ ఆరు మిస్డ్ కాల్స్ కొట్టారు, ఆరు చేన్లలో ఝట్కాలు నడుస్తూనే ఉన్నాయి. ఫోన్లన్నీ చాప మీద వరసగా పెట్టి చుట్టూ కూర్చున్నారు. ఐదు నిమిషాలు. పావుగంట. అరగంట. ఒక్క ఫోనూ మోగలేదు. మీటింగులో మాట్లాడాల్సిన సంగతులు చాలా ఉన్నాయి గానీ ఎవరూ మాట్లాడటం లేదు, అందరూ చాప వంకే చూస్తున్నారు. గంట దాటింది. పెద్దమ్మ మెల్లగా ఊపిరి వదిలి ఏదో చెప్పబోయింది. సరిగ్గా అప్పుడు ఆవిడ ఫోనే మోగింది. పక్కనున్నామె ఉత్సాహంగా స్పీకర్ నొక్కింది.

"నమస్కారం. తొట్టి నిండినది. మోటరు ఆగినది."

వరండా మొత్తం ఒక్కసారి గొల్లుమంది. "వచ్చె! అబద్ధాల పిల్ల మల్లొచ్చె!" అని ఒకామె చేతులు చరిచింది. పెద్దమ్మ మొహం నల్లబడిపోయింది. నిజం చెప్పాలంటే నాకు కూడా తెలియలేదు, అది నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో. నా గొంతును నేనే నమ్మలేకపోయాను. "నేను ఉరికి చూసొస్త పెద్దమ్మా" అని లేచాను.

"నువ్వు చూసొచ్చి చెప్తె ఎవరు నమ్మాలె? నేనే చూస్త" అంది.

ఒక చేత కర్ర, ఇంకో చెయ్యి నా భుజం మీద. వెనక సంఘం మొత్తం, ఆ వెనక ఉస్తాద్ లోలోపల ఏదో చదువుకుంటూ. గట్టు దిగుతుంటే ఆవిడ బరువంతా నా భుజం మీద పడింది. ఎంత నొప్పి పెడుతోందో ఆ చెయ్యి పట్టుకున్న తీరులో తెలిసింది. ఇన్ని రోజులు నా మాట వల్ల ఈ గట్టు ఎన్నిసార్లు దిగిందో అనుకుంటే, భూమిలోకి పోతే బాగుండుననిపించింది. తొట్టి దగ్గరికొచ్చాక అటు చూసే ధైర్యం లేక నేను పెద్దమ్మ వంకే చూశాను. పెద్దమ్మ లోపలికి తొంగి కూడా చూడలేదు, గోడ మీది నుంచి చెయ్యి జార్చింది. చప్పున నీళ్ళ చప్పుడయింది. అంచుకు రెండు వేళ్ళ కింద దాకా నిండు నీళ్ళు! పెద్దమ్మ దోసెడు తీసి, ఇందాక చేతులు చరిచినామె మొహాన కొట్టి, "చూడు! నిండినది!" అని నా భాషలో అరిచింది. ఆరుగురూ నీళ్ళలో చేతులు పెట్టి నవ్వడం మొదలుపెట్టారు. ఉస్తాద్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ సందట్లో పెద్దమ్మ నా వైపు తిరిగి, తడి చెయ్యి నా చెంప మీద పెట్టి, ఎవరికీ వినపడకుండా అంది. "ఇగ నేను ఈ గట్టు దిగ బిడ్డా. నువ్వు చెప్తె నమ్ముత."

నేను అక్కడే, తొట్టి పక్కన, బావురుమన్నాను.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబులో ఇదే పని చేస్తున్నాను. గోడలకు నీలం స్పాంజి ముళ్ళున్న ఇనుప గది, విదేశాల నుంచి వచ్చిన మిషన్లు, కిరాణా కాంటా అవసరం లేని మీటర్లు. తమ పరికరంలో ఏ లోపమూ లేదని తేల్చుకుని వచ్చే కుర్ర ఇంజినీర్లను చూస్తే నాకు కోపం రాదు. దీని తీగలు చివరికి ఎక్కడికి పోతాయి బాబూ, పక్కన ఏముంటుంది, నువ్వు వెళ్ళి చూశావా అని మాత్రం అడుగుతాను. నా రిపోర్టులు వాళ్ళకు నచ్చవు. 'పరీక్షించిన మేరకు', 'ఆ సమయానికి', 'ఈ పరిస్థితుల్లో' అని ముందు నాలుగు పంక్తులు రాస్తే గానీ ఒక్క మాట గట్టిగా చెప్పలేను. తొట్టి వైపు కన్నెత్తి కూడా చూడకుండా, నమస్కారం పెట్టి మరీ నిండినదని చెప్పేసిన ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ పిల్ల ధైర్యంలో ఓ గుప్పెడు దాచుకుని ఉంటే బాగుండేదని కూడా అనిపిస్తుంది.